తుమ్మలపల్లె పక్కనే ఉన్నాం, యురేనియంలో డబ్బు పెట్టే దారుందా?

వేంపల్లె విత్తనాల షాపు:
అందరికీ నమస్కారం. మాది కడప జిల్లా వేంపల్లె, విత్తనాలు, పురుగుమందుల వ్యాపారం. ఈసారి చీనీకాయలకు రేటు పలకడంతో రైతుల దగ్గర పాత బాకీలు వసూలయ్యాయి. ఖర్చులు పోను మూడు లక్షలు చేతిలో ఉన్నాయి. మా చిన్నాన్న కొడుకు తుమ్మలపల్లె గనిలో కాంట్రాక్టు పని చేస్తాడు. "అన్నా, రాబోయేదంతా అణు కరెంటే, ఇప్పుడు పెట్టినోడిదే పంట" అని చెవినిల్లు కట్టుకొని పోరుతున్నాడు. గని నడిపే యురేనియం కార్పొరేషన్ షేరు కోసం యాప్‌లో వెతికితే కనపడలేదు. వాట్సాప్ గ్రూపులో మాత్రం ఎన్టీపీసీ, ఎల్ అండ్ టీ, ఎంటార్ అని "న్యూక్లియర్ షేర్ల" లిస్టు తిరుగుతోంది. నమ్మొచ్చా? ప్లాటు కొందామని మా ఇంటావిడ అంటోంది, అది వేరే గొడవ.

కర్నూలు కుర్రోడు:
యురేనియం కార్పొరేషన్ షేరు దొరకదన్నా, అది కేంద్ర ప్రభుత్వానిది. రియాక్టర్లు నడిపే ఎన్‌పీసీఐఎల్ కూడా అంతే. మార్కెట్లో లిస్టు కాలేదు. ఎన్టీపీసీ కొని పక్కన పడేయ్, అయిపోతుంది.

ముద్దనూరు రిటైర్డ్:
తమ్ముడూ, నేను ఆర్టీపీపీలో, అంటే రాయలసీమ థర్మల్ ప్లాంటులో, టర్బైన్ల దగ్గర పనిచేసి రిటైరైనవాణ్ణి. బొగ్గు మనిషినే గానీ ఈ లిస్టును మాత్రం ఒక్కొక్కటిగా విప్పి చూశాను.

ఎన్టీపీసీ అణువిద్యుత్తులోకి వస్తున్న మాట నిజం. రాజస్థాన్‌లోని మాహీ బాన్స్‌వాడాలో 700 మెగావాట్లవి నాలుగు రియాక్టర్లు కట్టే ఉమ్మడి కంపెనీలో దానికి 49 శాతం వాటా, మిగతా 51 ఎన్‌పీసీఐఎల్‌ది. 2025 సెప్టెంబరులో శంకుస్థాపన జరిగింది. కానీ ఈరోజు ఆ షేరు కొంటే నువ్వు కొనేది ప్రధానంగా బొగ్గు కరెంటు. అదేమీ పాపం కాదు, తెలిసి కొను, అంతే. ఎల్ అండ్ టీ లాంటి మహాసముద్రంలో అణు పని ఎంత? ఆ షేరు పెరిగినా తగ్గినా కారణం వేరే చోట ఉంటుంది.

హైదరాబాద్ ఎంటార్ నాకు ఆసక్తిగా అనిపించింది. మన భారజల (హెవీ వాటర్) రియాక్టర్లలో ఇంధనం మార్చడానికి ప్లాంటు ఆపరు. రియాక్టర్ నడుస్తుండగానే ఇంధన గొట్టానికి రెండు వైపులా యంత్రాలు వచ్చి కరుచుకుంటాయి. ఒకవైపు నుంచి కొత్త ఇంధనం తోస్తుంటే రెండోవైపు యంత్రం వాడేసినదాన్ని అందుకుంటుంది. లోపల అంత వేడి, ఒత్తిడి ఉన్నా చుక్క కారకూడదు. ఆ యంత్రం తల తయారుచేసే కంపెనీ ఇది. ఇంజనీరుగా దండం పెడతాను. కానీ దాని అమ్మకాల్లో పెద్ద వాటా అమెరికాలోని బ్లూమ్ ఎనర్జీకి పంపే ఫ్యూయెల్ సెల్ (గ్యాసును మండించకుండానే కరెంటు తీసే పరికరం) సామగ్రిది. అక్కడ ఆర్డర్లు మందగిస్తే, మన దేశంలో ఎన్ని రియాక్టర్లు మంజూరైనా షేరు జారుతుంది.

ఇక అసలు టెన్షన్ కాలంతో. తమిళనాడులోని కూడంకుళం అణు ప్లాంటుకు సోవియట్ యూనియన్‌తో ఒప్పందం 1988లో, పని మొదలైంది 2002లో, మొదటి యూనిట్ వాణిజ్య ఉత్పత్తికి వచ్చింది 2014 చివర్లో. అమెరికాలో వోగ్టిల్ అణు ప్లాంటు రెండు కొత్త యూనిట్లు ఏడేళ్లు ఆలస్యమై 2023, 2024ల్లో పూర్తయ్యాయి. మధ్యలో 2017లో డిజైన్ కంపెనీ వెస్టింగ్‌హౌస్ దివాలా పిటిషన్ వేసింది. మన శ్రీకాకుళం కొవ్వాడ అణు ప్లాంటుకు అనుకున్నవీ ఆ కంపెనీ రియాక్టర్లే. అణు ప్లాంటులో ఇంధనం ఖర్చు తక్కువ, కట్టుబడి ఖర్చు ఎక్కువ. ఒక్క ఏడాది జాప్యమైతే వడ్డీ తడిసి మోపెడవుతుంది. 2047కల్లా 100 గిగావాట్లు అని 2025 బడ్జెట్లో చెప్పారు, అప్పటికి ఉన్నది తొమ్మిదికి లోపే. అదే ఏడాది డిసెంబరులో అణుశక్తి మీద తెచ్చిన శాంతి చట్టంతో ప్రైవేటు వాళ్లకూ తలుపు తీశారు. తలుపు తీసిన రోజే షేరు ఎగురుతుంది, లాభం ఎప్పుడో వస్తుంది. ఆ మధ్యకాలం నీ మూడు లక్షలు ఓపిక పట్టగలవా?

అనంత ఆడిటర్:
నేరుగా యురేనియమే కావాలంటే కెనడా కంపెనీ కామెకో ఉంది, షేర్లలాగే కొనే ఫండ్లు, అంటే యురేనియం ఈటీఎఫ్‌లూ ఉన్నాయి. అమెరికా మార్కెట్లో కొనొచ్చు. డబ్బు ఎల్‌ఆర్‌ఎస్ (విదేశాలకు డబ్బు పంపే రిజర్వు బ్యాంకు పథకం) కింద పంపాలి. ఏడాదికి పది లక్షలు దాటితేనే పెట్టుబడి మీద 20 శాతం టీసీఎస్ (పంపేటప్పుడే బ్యాంకు పట్టుకునే పన్ను) పడుతుంది, కాబట్టి మీకు ఆ బెడద లేదు. కానీ ఒక్క షేరున్నా, అమ్మకపోయినా, ఇన్‌కం టాక్స్ రిటర్నులో విదేశీ ఆస్తుల పట్టిక, షెడ్యూల్ ఎఫ్ఏ, నింపాలి. నా దగ్గరికొచ్చేవాళ్లలో చాలామంది మరిచేది ఇదే.

ధర సంగతి కూడా చూడండి. పౌను యురేనియం 2007లో 130 డాలర్లు దాటి, 2016లో 20 కిందికి పడి, 2024 జనవరిలో మళ్లీ 100 దాటింది. కామెకో అయితే 2018లో ధర లేక తన మెకార్థర్ రివర్ గనినే ఆపేసి 2022లో తెరిచింది. టమోటా రైతుకు ఈ లెక్క కొత్త కాదు.

వేంపల్లె విత్తనాల షాపు:
మరి మా తుమ్మలపల్లెలో ధర లేనప్పుడు గని ఆపలేదే?

ముద్దనూరు రిటైర్డ్:
ఆపరు. ఇక్కడ ఖనిజంలో యురేనియం శాతం చాలా తక్కువ, కెనడా గనులతో పోలికే లేదు. అయినా తవ్వేది దేశ అవసరానికి, కొనేదీ ప్రభుత్వమే. అందుకే మీ తమ్ముడికి జీతం వస్తుంది, నీకు షేరు రాదు. ఎంటార్ మీదే మనసుంటే కంపెనీ ఫలితాలు వచ్చినప్పుడు ప్రెజెంటేషన్‌లో ఆర్డర్ బుక్ (చేతిలో ఉన్న ఆర్డర్ల లెక్క) పేజీ తియ్యి. అణు విభాగం ఎంతో, బ్లూమ్ ఎంతో పక్కపక్కనే చూడు. ముప్పై నలభై వేలు దాటి పెట్టొద్దు. మిగతాది ప్లాటుకా, డిపాజిట్టుకా అన్నది మీ ఇంటావిడతో తేల్చుకో.