అనంతపురం మేడ మీద టైప్-2 సౌర రేడియో పేలుళ్లు పట్టాలంటే?

అనంత_ఆకాశం:
ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ డాంగిల్‌తో (కంప్యూటర్‌కు తగిలించే చిన్న రేడియో రిసీవర్) 45–80 మెగాహెర్ట్జ్‌లో సూర్యుణ్ణి వినాలని చూస్తున్నా. తెర నిండా ఎఫ్ఎం గీతలే. పగలైతే రొద ఇంకా పెరుగుతోంది. యాంటెన్నా ఎట్ల కట్టాలి? టైప్-2 (సూర్యుడి మీద పేలుడు పుట్టించిన షాక్ తరంగం వల్ల మెల్లగా కింది పౌనఃపున్యాలకు దిగే రేడియో గీత) దొరికితే భూమి మీద అయస్కాంత తుఫాను ఎప్పుడొస్తుందో చెప్పొచ్చా?

బురుజు_డైపోల్, కర్నూలు:
ముందు ఎఫ్ఎం సంగతి చూడండి. డాంగిల్‌ది 8 బిట్ల సామర్థ్యమే. 88–108లో స్టేషన్ గట్టిగా కొడితే అది నిండిపోయి, ఏమీ లేని చోట కూడా గీతలు పుడతాయి. ఎఫ్ఎంను అడ్డుకునే నాచ్ ఫిల్టర్‌ను ఆంప్లిఫయర్‌కు ముందే పెట్టాలి. ఆటో గెయిన్ (సంకేతాన్ని తనంతట తానే పెంచి తగ్గించేది) ఆపేయండి, లేదంటే పేలుడు వచ్చినప్పుడు అదే అణిచేస్తుంది.

60 మెగాహెర్ట్జ్ డైపోల్‌కు (రెండు చేతుల తీగ యాంటెన్నా) ఒక్కో చేయి 1.19 మీటర్లు. తీగను ఉత్తర-దక్షిణంగా లాగితే సూర్యుడు రోజంతా దాని చూపులోనే ఉంటాడు. యాంటెన్నా దగ్గరే కోయాక్స్ కేబుల్‌ను ఫెరైట్ రింగులో నాలుగైదు చుట్లు తిప్పండి. లేకపోతే కేబుల్ పైపొర ఇంట్లో రొదనంతా మోసుకొస్తుంది.

పగటి రొదకు మొదటి అనుమానం సోలార్ ఇన్వర్టర్ మీదే. ఐదు నిమిషాలు ఆపి చూడండి. అది రోజూ ఒకే వేళకు మోగుతుంది. పాలపుంత రొద అయితే రోజుకు 4 నిమిషాలు ముందుగా వస్తుంది. ఆ జరుగుడు మీ రికార్డులో కనబడిందంటే రిసీవర్ సున్నితత్వం సరిపోయినట్టే.

కడప_కరోనా:
షాక్ వేగం లెక్క కట్టొచ్చండీ. షాక్ ఉన్నచోటి ప్లాస్మా పౌనఃపున్యం (అక్కడి ఎలక్ట్రాన్లు సహజంగా ఊగే పౌనఃపున్యం, గీత దాని మీదే పుడుతుంది) కిలోహెర్ట్జ్‌లలో 9√n, n అంటే ఘన సెం.మీ.లో ఎలక్ట్రాన్లు. ఏ దూరంలో ఎన్ని ఎలక్ట్రాన్లో చెప్పే న్యూకిర్క్ నమూనా ప్రకారం 80 మెగాహెర్ట్జ్ అంటే సూర్యకేంద్రం నుంచి 1.32 సౌర వ్యాసార్ధాలు, 45 అంటే 1.56. గీత 4 నిమిషాల్లో 80 నుంచి 45కు దిగితే సెకనుకు సుమారు 690 కి.మీ. అదే గీత హార్మోనిక్ (ప్లాస్మా పౌనఃపున్యానికి రెట్టింపు) అయితే దాదాపు 1,080! అందుకే సగం పౌనఃపున్యంలో జంట గీత ఉందేమో తప్పక వెతకండి.

తుఫాను వేళ మాత్రం దీంతో తేలదు. ఇది సూర్యుడి దగ్గరి వేగం, దారిలో మారుతుంది. సీఎంఈ (సూర్యుడు విసిరిన ప్లాస్మా మేఘం) మనవైపే వస్తోందో లేదో కూడా గీత చెప్పదు. దాని అయస్కాంత క్షేత్రం దక్షిణానికి తిరిగిందా అన్నది ఎల్1 (భూమికి సూర్యుడి వైపు 15 లక్షల కి.మీ. దూరంలోని బిందువు) దగ్గరి ఉపగ్రహాలు కొలిచేదాకా తెలియదు, అప్పటికి గంటలోపే వ్యవధి. టైప్-2 వెనకే టైప్-4 (విశాలమైన పట్టీలో చాలాసేపు సాగే రేడియో రొద) కూడా నిలబడితే గట్టిగా పట్టించుకోండి.

అనంత_ఆకాశం:
గీత సూర్యుడిదేనని ఎట్ల నమ్మాలన్నా?

బురుజు_డైపోల్, కర్నూలు:
కంప్యూటర్ గడియారాన్ని ఎన్‌టీపీతో (ఇంటర్నెట్ ద్వారా) సరిచేసి, అంతర్జాతీయ సమయం (యూటీ) కోసం 5:30 గంటలు తీసేసి, ఈ-కలిస్టో (ప్రపంచవ్యాప్త సౌర రేడియో స్టేషన్ల వ్యవస్థ) సైట్‌లో అదే నిమిషం చూడండి. మన హిందూపురం పక్కనున్న గౌరీబిదనూరుతో పాటు, పగలున్న మరో దేశం స్టేషన్‌లోనూ ఉండాలి.