‘ఎవ్వనిచే జనించు’: ఏడుసార్లు ‘ఎవ్వఁడు’ ప్రాస బలవంతమా, పోతన ఇష్టమా?

పద్యపిపాసి:
గజేంద్రమోక్షంలోని ఈ ఉత్పలమాల చాలామందికి కంఠస్థమే.

ఎవ్వనిచే జనించు జగ మెవ్వనిలోపల నుండు లీనమై
యెవ్వనియందు డిందుఁ బరమేశ్వరుఁ డెవ్వఁడు మూలకారణం
బెవ్వఁ డనాదిమధ్యలయుఁ డెవ్వఁడు సర్వముఁ దానయైనవాఁ
డెవ్వఁడు వాని నాత్మభవు నీశ్వరు నే శరణంబు వేఁడెదన్

మొదటి పాదంలో రెండో అక్షరం ‘వ్వ’ పడింది కాబట్టి మిగిలిన మూడింటిలోనూ అదే పడాలి. ‘వ్వ’ ప్రాసకు మాటలు ఎన్ని ఉన్నాయి గనక? దొరికిన మాటనే తిప్పి తిప్పి వాడారు, మనం దాన్ని భక్తి అంటున్నాం. ‘కారణం/బెవ్వఁడు’ అని పాదం చివర మాట విరగ్గొట్టిందీ అందుకే.

గణవిభజన:
మాటలు లేకపోవడమేమిటండీ! నవ్వు, పువ్వు, దివ్వె, మువ్వ, రవ్వ, జవ్వని... ప్రాసకు హల్లు కలిస్తే చాలు, దాని మీద ఏ అచ్చున్నా చెల్లుతుంది.

లెక్క చూద్దాం. పాదాల మొదట ఉన్న నాలుగూ ప్రాస ఖాతాలో వేయండి. ఒకటి, మూడు పాదాల్లో పదో అక్షరం, అంటే పాదం మొదటి అక్షరంతో మైత్రి కుదరాల్సిన యతిస్థానంలో, ఇంకో రెండు. అక్కడ ‘ఎ’కు ఇ, ఈ, ఏ కూడా సరిపోతాయి. రెండు, నాలుగు పాదాల్లో ‘ఈశ్వర’ శబ్దంలోని ‘ఈ’తోనే యతి చెల్లించారు కదా. ఇక మిగిలింది ‘పరమేశ్వరుఁ డెవ్వఁడు’. అది మొదలయ్యేది పదమూడో అక్షరం దగ్గర. అక్కడ యతీ లేదు, ప్రాసా లేదు. ఎవరు బలవంతపెడితే వచ్చింది?

పైగా వ్యాస భాగవతంలో (అష్టమ స్కంధం, 3వ అధ్యాయం) ఇదే చోట ‘యస్మిన్నిదం యతశ్చేదం యేనేదం య ఇదం స్వయమ్’ అని ఉంది. ఆ శ్లోకం ఛందస్సు అనుష్టుప్పు, దానికి ప్రాస నియమమే లేదు. అయినా ‘ఎవడు’ అనే అర్థమున్న ‘యత్’ శబ్దం వరుస కట్టింది.

పద్యపిపాసి:
సంస్కృతంలో యస్మిన్, యతః, యేన అని విభక్తితో రూపం మారింది. ఇక్కడ చివరి నాలుగూ ఒకే ‘ఎవ్వఁడు’. ‘మూలకారణం’ అయితే ఆ శ్లోకంలోనే లేదు. గణాలు నింపడానికి తెచ్చిందే.

శ్రోత:
మాట విరిగింది కాగితం మీదే. రాగం తీసి చదివేవారు ‘మూలకారణం’ దగ్గర ఆగరు, ‘బెవ్వఁడు’ దాకా ఒక్క ఊపిరిలో వెళ్తారు.

గణవిభజన:
‘మూలకారణం’ కోసం ఒక్క శ్లోకం వెనక్కి వెళ్లండి: ‘పురుషాయాదిబీజాయ పరేశాయ’. ఆదిబీజమే మూలకారణం, పరేశుడే పరమేశ్వరుడు. రెండు శ్లోకాల సరుకు నాలుగు పాదాల్లో పట్టించిన కవికి గణాలు నింపుకోవలసిన అవసరం ఎక్కడ వచ్చింది?