చూడలేని సినిమాల చరిత్రను దేనిని బట్టి నమ్మాలి?

ప్రశ్న (బందరు పాఠకుడు):

సభ్యులందరికీ నమస్కారం. తెలుగు టాకీ పుట్టినరోజు 1931 సెప్టెంబరు 15 అని చిన్నప్పటి నుంచి చదువుకున్నాను. ఇప్పుడు 1932 ఫిబ్రవరి 6 సరైన తేదీ అంటున్నారు. అయిదు నెలల తేడా పెద్దది కాకపోవచ్చు గానీ, ఒక్క తేదీ విషయంలోనే ఇన్ని దశాబ్దాలు పొరబడి ఉంటే మిగిలిన కథనాల మాటేమిటన్న సందేహం నన్ను వదలడం లేదు. ఆ తొలి టాకీ ‘భక్త ప్రహ్లాద’ను చూసి తెలుసుకుందామంటే దాని ప్రింటే మిగలలేదు. మా ఊరిలో పుట్టిన రఘుపతి వెంకయ్య గారి పేరు కూడా నాకు అవార్డు ద్వారానే తెలుసు తప్ప, ఆయన చేసిన పనేమిటో తెలియదని ఒప్పుకోవడానికి సిగ్గుపడుతున్నాను. సినిమాలే లేనప్పుడు వాటి చరిత్రను ఏ ఆధారంతో చదవాలో తెలిసినవారు చెప్పగలరు.

సమాధానం (పాత పత్రికల పిచ్చి):

తేదీ సంగతి ముందుగా చెబుతాను. పాత తేదీ ఒకరు రాసినదాన్ని మరొకరు ఎత్తి రాస్తూ పోవడం వల్ల స్థిరపడింది. పరిశోధకులు రెంటాల జయదేవ గారు నాటి కాగితాలను వెతికి, ఆ చిత్రానికి బొంబాయిలో సెన్సార్ ధ్రువపత్రం 1932 జనవరి 22న వచ్చిందని చూపించారు. సెన్సార్ కాని చిత్రం అంతకు నాలుగు నెలల ముందే హాలులో ఆడే వీలు లేదు కనుక, సెప్టెంబరు వాదన అక్కడితో తీరిపోయింది. ఈ దిద్దుబాటుతో మరొకటి కూడా తేటపడింది. కథానాయిక తమిళంలోనూ, మరికొన్ని పాత్రలు తెలుగులోనూ మాట్లాడిన ‘కాళిదాస్’ 1931 అక్టోబరు 31న విడుదలైంది. అంటే తెరమీద తెలుగు మాట ముందుగా వినిపించింది అందులోనే. పూర్తిగా తెలుగులో తీసినది మాత్రం ‘భక్త ప్రహ్లాద’. రెండింటికీ దర్శకులు హెచ్.ఎం. రెడ్డి గారే. సినిమా పోయినా సెన్సార్ జాబితా, పత్రికా ప్రకటన, హాలులో అమ్మిన పాటల పుస్తకం, గ్రామఫోను రికార్డు మిగులుతాయి. వీటిలో కనీసం రెండు ఒకే మాట చెబితేనే నేను నమ్ముతాను. నటీనటుల జ్ఞాపకాలు చదవడానికి కమ్మగా ఉంటాయి గానీ, తేదీల విషయంలో వాటిని సాక్ష్యంగా తీసుకోకూడదు.

సమాధానం (డేరా సినిమా):

వెంకయ్య గారిని ‘తెలుగు సినిమా పితామహుడు’ అని ఒక్క ముక్కలో తేల్చేయడం వల్లనే ఆయన పని కనుమరుగైందని నా అభిప్రాయం. మద్రాసులో ఫోటో స్టూడియో నడుపుకుంటున్న మనిషి, 1909 ప్రాంతంలో ‘క్రోనోమెగాఫోన్’ అనే యంత్రాన్ని తెప్పించుకున్నారు. గ్రామఫోను పళ్లేన్ని, బొమ్మను జతచేసి నడిపించే పరికరం అది. టాకీలు రావడానికి ఇరవై ఏళ్ల ముందే, ఆ చిన్న చిన్న చిత్రాలను మద్రాసులో చూపించి, తర్వాత డేరాలు వేసుకుంటూ ఊళ్లు తిరిగి, సముద్రం దాటి బర్మా, సింహళాలకు కూడా వెళ్లారు. 1914లో మద్రాసులో గెయిటీ హాలు కట్టారు. ఆ నగరంలో భారతీయుడి సొంత సినిమా హాలు అదే మొదటిది. కొడుకు ప్రకాష్‌ను చిత్ర నిర్మాణం నేర్చుకొమ్మని ఇంగ్లండు పంపారు. ఆ ప్రకాష్ తిరిగివచ్చి 1921లో ‘భీష్మ ప్రతిజ్ఞ’ మూకీ తీశారు. ఆయన దగ్గర పని నేర్చుకున్నవారే తర్వాత దర్శకులైన సి. పుల్లయ్య, వై.వి. రావు. మనం సినిమా తీసినవాడినే గుర్తుపెట్టుకుంటాం. జనానికి బొమ్మ చూడడం అలవాటు చేసినవాడిని మరచిపోతాం.

సమాధానం (మూసీ ఒడ్డు):

ఈ చర్చ మద్రాసు, బొంబాయిల చుట్టూనే తిరుగుతున్నది కనుక ఒక మాట కలుపుతున్నాను. హైదరాబాదులో చిత్రకళ బోధించిన బెంగాలీ కళాకారుడు ధీరేన్ గంగూలీ 1922లో ఇక్కడే లోటస్ ఫిల్మ్ కంపెనీ పెట్టి మూకీలు తీశారు. 1924లో రజియా బేగం కథతో వచ్చిన చిత్రాన్ని ఆయన ప్రదర్శించగా, ముస్లిం రాణికీ హిందూ యువకుడికీ మధ్య ప్రేమను చూపించిందన్న కారణంతో నిజాం ప్రభుత్వం ఆగ్రహించి ఆయనను రాజ్యం విడిచి వెళ్లమన్నది. ఆయన కలకత్తా వెళ్లిపోయి అక్కడ ప్రసిద్ధుడయ్యాడు, 1975లో ఫాల్కే పురస్కారం కూడా అందుకున్నాడు. ఆ కంపెనీ ఇక్కడే నిలదొక్కుకుని ఉంటే హైదరాబాదు సినిమా కథ మరోలా సాగేదేమోనని నాకు అప్పుడప్పుడూ అనిపిస్తుంది. తెలుగు సినిమా చరిత్రల్లో ఆయనకు ఒక పేరా కూడా దొరకదు. ఆ మూకీల్లో తెలుగు మాట లేదన్నది కారణమైతే, ‘భీష్మ ప్రతిజ్ఞ’లో మాత్రం ఏ మాట ఉన్నది?

సమాధానం (డేరా సినిమా):

మూసీ ఒడ్డు గారి చివరి ప్రశ్న నన్ను ఆలోచనలో పడేసింది, న్యాయమైన ప్రశ్నే. అదే వరుసలో దాసరి కోటిరత్నం గారినీ చెప్పుకోవాలి. రంగస్థలం మీద సొంత సమాజాన్ని నడిపిన ఆమె, 1935లో ‘సతీ సక్కుబాయి’ నిర్మించి, తెలుగులో తొలి మహిళా నిర్మాతగా లెక్కకు వచ్చారు. ఇక పుల్లయ్య గారు కాకినాడలో తన ఇంటి దగ్గరే ‘మార్కండేయ’ మూకీ తీసి, యముడి వేషం తానే కట్టారు. 1934లో ఆయన కలకత్తాలో తీసిన ‘లవకుశ’ కోసం పల్లెల నుంచి ఎడ్లబండ్లు కట్టుకుని వచ్చేవారు. 1963 నాటి రంగుల ‘లవకుశ’ను మొదలుపెట్టినవారూ ఆయనే, దానిని ఆయన కుమారుడు సి.ఎస్. రావు పూర్తి చేశారు.

ప్రశ్న అడిగినవారు (బందరు పాఠకుడు):

అందరికీ కృతజ్ఞతలు. ఇవాళ కూర్చుని చూడగలిగినవి ఏవైనా ఉన్నాయా?

సమాధానం (పాత పత్రికల పిచ్చి):

ఉన్నాయి. గూడవల్లి రామబ్రహ్మం గారి ‘మాలపిల్ల’ (1938), ‘రైతుబిడ్డ’ (1939) మిగిలాయి. జమీందారీ వ్యవస్థను ఎత్తిచూపినందుకు కొన్ని చోట్ల నిషేధానికి గురైన ‘రైతుబిడ్డ’ వెనుక పెట్టుబడి పెట్టినవారు చల్లపల్లి జమీందారు కావడం ఆ చిత్రమంత ఆసక్తికరమైన విషయం. అంతకు ముందరివి చాలావరకు ఎందుకు మిగలలేదంటే, అప్పటి ఫిల్ము నైట్రేటు పదార్థంతో చేసినది. ఇట్టే నిప్పంటుకునేది, దాచినా జిగురై పొడైపోయేది. పైగా ఆడి అరిగిపోయిన ప్రింట్లను అందులోని వెండి కోసం కరిగించి అమ్ముకునేవారు. పుణెలో జాతీయ ఫిల్ము భాండాగారం ఏర్పడింది 1964లో. అప్పటికే ముప్పై ఏళ్ల ఆలస్యమైంది. మీది బందరే కనుక, పాత ఇళ్ల అటకల మీద పాటల పుస్తకాలు దొరికితే, చివరి అట్టను మాత్రం చింపకుండా చూడండి. ముద్రాపకుడి పేరు, ఊరు చాలాసార్లు అక్కడే ఉంటాయి.