ఫోన్‌లో ఇంటి సరుకులు: దుకాణానికి వెళ్తున్నట్టా, చీటీ రాసి పంపుతున్నట్టా?

చేతిసంచి:
ఇంటి సరుకులన్నీ ఫోన్‌లోనే తెప్పించుకునే అలవాటును నేను ఒప్పుకోలేకపోతున్నాను. నా కారణాలు చెబుతాను, కాదనేవారు కూడా కారణాలతోనే కాదనాలని కోరుతున్నాను. దుకాణంలో అరల ముందు నిలబడితే ఒక్క చూపులో పాతిక రకాలు కనబడతాయి. చిన్న పొట్లం, పెద్ద పొట్లం పక్కపక్కనే ఉంటాయి. చేతిలోకి తీసుకుంటే బరువు తెలుస్తుంది, వెనక్కి తిప్పితే గడువు తేదీ తెలుస్తుంది. అరచేతిలో ఇమిడే తెరమీద ఒకసారికి నాలుగు వస్తువులకు మించి కనబడవు, ఆ నాలుగు ఏవన్నది నిర్ణయించేది అమ్మేవారే. పైగా అరకిలో పొట్లానికీ ఐదు కిలోల సంచికీ బొమ్మ ఒకే పరిమాణంలో ఉంటుంది. పోయిన నెల పెద్ద డబ్బా అనుకుని నేను తెప్పించినది తలుపు దగ్గర చేతికి వచ్చేసరికి పిడికిలిలో పట్టింది. బరువు అక్కడ రాసే ఉంది, కాదనను. కానీ పేరు కింద లేత బూడిదరంగులో, కళ్లజోడు పెట్టుకున్నా కూడదీసుకుని చదవాల్సినంత సన్నగా ఉంది.

వస్తువు ధరతో పాటు కిలోకు ఎంత, లీటరుకు ఎంత పడుతుందో కూడా స్పష్టంగా చూపాలని ఐరోపా సమాఖ్య 1998లోనే ఆదేశం తెచ్చింది. రెండు పొట్లాల్లో ఏది చవకో తెలియాలంటే కొనేవారికి ఉన్న ఆధారం అదొక్కటే. అరమీద ఆ అంకెలు పక్కపక్కనే కనబడతాయి. ఫోన్‌లో మాత్రం ఒక వస్తువు తెరిచి, అంకె గుర్తుపెట్టుకుని, వెనక్కి వచ్చి, ఇంకొకటి తెరవాలి. ఇంత శ్రమపెట్టే చోట ఎంచుకోవడం అనే మాటకు అర్థం మిగులుతుందా అన్నదే నా ప్రశ్న.

రాత్రిపాళీ:
చేతిసంచి గారూ, మీరు చెప్పిన లోపాలన్నీ నేనూ చూశాను. అయినా మా ఇంట్లో మంచం పట్టిన పెద్దాయన ఉన్నారు, నాకు రాత్రి డ్యూటీ. దుకాణాలు తెరిచి ఉండే వేళల్లో నేను ఆయన పక్కనుంచి కదిలే వీలు లేదు. ఆయన నిద్రపోయాక, మంచం అంచున కూర్చుని, దీపం వేయకుండా ఫోన్‌లో వారానికి సరిపడా సరుకులు చెప్పేస్తాను. ఈ పద్ధతి బద్ధకస్తుల కోసం పుట్టిందన్న మాట తరచూ వింటుంటాను కాబట్టి ఒక సంగతి గుర్తుచేస్తాను. 1984లో ఇంగ్లండ్‌లోని గేట్స్‌హెడ్‌లో 72 ఏళ్ల జేన్ స్నోబాల్ తన ఇంట్లో కూర్చుని, టీవీ తెరమీద జాబితా చూస్తూ రిమోట్‌తో సూపర్‌మార్కెట్‌కు సరుకులు చెప్పారు. టీవీని టెలిఫోన్ తీగకు కలిపే ఆ ఏర్పాటు వెనుక ఉన్నది ఆంగ్ల ఆవిష్కర్త మైకేల్ ఆల్డ్రిచ్ ఆలోచన. అక్కడ ఆ సేవను మొదలుపెట్టినది ముఖ్యంగా ఇల్లు కదలలేని వృద్ధుల కోసమే. తెర చిన్నదే కావచ్చు, నా వంటివారికి అది తప్ప వేరే దారి లేదు.

పాతపద్దు:
మీరిద్దరూ చెప్పినది సరైనదే, కానీ తగువు అసలు ఎక్కడుందో ఒకసారి చూద్దాం. అరల మధ్య తిరుగుతూ కావలసినవి మనమే ఏరుకోవడం ఎప్పటినుంచో ఉన్నదేమీ కాదు. 1916లో అమెరికాలోని మెంఫిస్‌లో క్లారెన్స్ సాండర్స్ పిగ్లీ విగ్లీ అనే దుకాణం తెరిచి, కొనేవారిని అరల మధ్యకు రానిచ్చాడు. అంతకుముందు కొనేవారు బల్లకు ఇవతల నిలబడి చీటీ ఇస్తే, అవతలి మనిషి సరుకులు తూచి, కట్టి ఇచ్చేవాడు. ఫోన్‌లో మనం చేసేది ఆ పాత పనే. వస్తువును మనం చూడం, ఎవరో ఏరి పంపుతారు. అలాంటప్పుడు ఆ తెర చీటీలా ఉండాలి. అలా కాకుండా దానిమీద మొత్తం దుకాణాన్ని కుదించి పెట్టారు. కదిలే ప్రకటనలు, తగ్గింపు ధరలు, ‘మీకు నచ్చవచ్చు’ అంటూ వరుసలు. దానితో కొనేవారికి రెండు పద్ధతుల కష్టమూ వచ్చింది: చేతితో తాకి చూసే వీలు పోయింది, వెతుక్కునే శ్రమ మాత్రం మిగిలింది.

ఇలా ఎందుకు చేశారంటే, ఒక ముఖ్యమైన కారణం ఖర్చు. దుకాణంలో అరల మధ్య నడిచి, ఏరి, ఇంటిదాకా మోసే పనంతా కొనేవారు జీతం లేకుండా చేస్తారు. ఆర్డరు తీసుకుంటే అదే పనికి ఎవరికో కూలి ఇవ్వాలి, బండి నడపాలి. ఆర్డరు తీసుకుని సరుకులు ఇంటికి పంపడానికి అమెరికాలో 1996లో పెట్టిన వెబ్‌వాన్ అనే కంపెనీ పెద్ద పెద్ద గిడ్డంగులు కట్టి, ఆ భారం మోయలేక 2001 జులైలో దివాలా తీసింది. ఇప్పుడు చాలా కంపెనీలు తెరమీది పైవరుసలను వస్తువుల తయారీదారులకు ప్రకటనలుగా అమ్మి ఆ ఖర్చులో కొంత రాబట్టుకుంటున్నాయి. చేతిసంచి గారు అన్న ‘ఆ నాలుగు’ పైకి వచ్చేది చాలాసార్లు అందువల్లనే.

నేను పాటించే పద్ధతి చెబుతాను. ఇదివరకు ముందు ఫోన్ తెరిచేవాడిని. ‘ఇది మళ్లీ కొంటారా’ అని అది అడిగితే సరేననేవాడిని. ఒకరోజు అలమర తెరిస్తే కొత్త నూనె సీసా పెట్టడానికి చోటు లేదు. విప్పని సీసాలు రెండు అప్పటికే అక్కడ ఉన్నాయి. ఆనాటినుంచి ముందు వంటింట్లో నిలబడి, డబ్బాల మూతలు తీసి చూసి, కాగితంమీద చీటీ రాసుకుంటున్నాను. ఆ తరువాతే ఫోన్ తీసి, చీటీలో ఉన్న పేర్లు ఒక్కొక్కటే కొట్టి, చివరి పేరు కాగానే మూసేస్తున్నాను. పది నిమిషాలు కూడా పట్టదు. అయితే చీటీలో ఉండేది, ఈ తెరలో సులువుగా దొరకనిది ఒకటి ఉంది: ప్రతి వస్తువు పక్కన ఒక మాట రాసుకునే చోటు. ‘మరీ పండినవి వద్దు, రెండు రోజులాగి వాడతాం’ అని కాగితంమీద సులువుగా రాయవచ్చు. కొన్ని యాప్‌లలో అలాంటి గడి ఉన్నా, దానిని చేరడానికి మూడు తెరలు దాటాలి. అడిగినది లేకపోతే వేరే రకం పంపడానికి మనం ఒప్పుకున్నట్టు మాత్రం ముందుగానే గుర్తు పెట్టి ఉంచుతారు. ఏరేవారిని నేను తప్పుపట్టను. చాలా గిడ్డంగుల్లో వారి చేతిలోనూ ఒక పరికరం ఉంటుంది, గంటకు ఎన్ని వస్తువులు తీశారో అది లెక్కపెడుతుంటుంది.

అట్టపెట్టె:
నేను పొట్లాల బొమ్మలు సిద్ధంచేసే పనిలో ఉన్నాను కాబట్టి ఒక్క మాట. అసలు పొట్లం ఫొటోను ఫోన్‌కు కుదిస్తే దానిమీది అక్షరాలు చదవలేమని మా రంగంలో అందరికీ తెలుసు. అందుకే యూనిలీవర్, కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం కలిసి మొబైల్ కోసం ప్రత్యేకమైన బొమ్మ పద్ధతి రూపొందించాయి. అందులో పేరు, రకం, పరిమాణం పెద్ద అక్షరాలతో విడిగా కనబడతాయి. దీనికి మార్గదర్శకాలు ఉన్నాయి, పాటించడం మాత్రం ఎవరికి వారి ఇష్టంగా మిగిలిపోయింది.

వినికిడి:
నాకు చూపు లేదు. ఫోన్ తెరమీది మాటలను చదివి వినిపిస్తే విని కొంటాను. 2009లో ఐఫోన్‌లో అలా చదివి వినిపించే వాయిస్‌ఓవర్ అనే సౌకర్యం వచ్చాక నా వంటివారికి ఈ దారి తెరుచుకుంది. పాతపద్దు గారూ, తెర చీటీలా ఉంటే చాలన్న మీ మాట నాకు సమ్మతం కాదు. దుకాణంలో నేను ఎప్పుడూ ఎవరి చేయో పట్టుకుని తిరిగేవాడిని, ఆ చేయి ఏది తీస్తే అదే నా సంచిలో పడేది. ఎన్ని రకాల సబ్బులుంటాయో నాకు తెలిసింది ఫోన్ వల్లనే. మొదటిసారి వరుసగా అన్ని పేర్లూ, బరువులూ, ధరలూ వింటూ నలభై నిమిషాలు కూర్చున్నాను. మీరు తీసేయమంటున్న ఆ అరలు నాకు ఇప్పుడిప్పుడే దొరికాయి.

నా ఫిర్యాదు వేరు. ఒక యాప్‌ను ఆ మధ్య మార్చినప్పుడు, సంఖ్య పెంచే మీటకూ తగ్గించే మీటకూ పేరు పెట్టడం మరిచారు. ‘బటన్, బటన్’ అని మాత్రమే వినిపించేది. తగ్గిస్తున్నాననుకుని పెంచుతూ పోయాను, ఇంటికి ఒకే రకం డబ్బాలు ఏడు వచ్చాయి. చేతిసంచి గారూ, మీకు కనబడని ఆ బూడిదరంగు అక్షరాలకూ నియమం ఉంది: మామూలు పరిమాణం అక్షరాలకూ వెనుక రంగుకూ మధ్య వెలుగు తేడా నిష్పత్తి కనీసం 4.5:1 ఉండాలని వెబ్ ప్రమాణాలు 2008 నుంచే చెబుతున్నాయి. వేలితో నొక్కే చోటు కనీసం 24 పిక్సెళ్ల వెడల్పు, అంతే ఎత్తు ఉండాలని 2023లో చేర్చారు. 44 ఉంటే ఇంకా మేలు. తెర చిన్నదైనంత మాత్రాన ఇవి అసాధ్యం కావు. చేసేవారు పట్టించుకోకపోవడమే లోపం.

చేతిసంచి:
రాత్రిపాళీ గారి ఇంటి పరిస్థితీ, వినికిడి గారి అనుభవమూ చదివాక, ఈ అలవాటునే తప్పనడం నా పొరపాటని ఒప్పుకుంటున్నాను. ఒక విషయంలో మాత్రం మారను: కూరగాయలు నేను చేత్తో పట్టి చూసే తెచ్చుకుంటాను. బొమ్మలో ఉన్న కాయ నాకు వచ్చే కాయ కాదు, అది ఎంత మంచి బొమ్మ అయినా.

పాతపద్దు:
వినికిడి గారూ, నా మాట సవరించుకుంటున్నాను. తెర తెరవగానే ముందు చీటీ రావాలి, అరలు చూడాలనుకున్నవారు అడిగితే అవి రావాలి, అందులో డబ్బు కట్టి పైకెక్కినవి ఏవో విడిగా చెప్పాలి. బదులు వస్తువుకు ఒప్పుకోలు ముందుగా పెట్టి ఉంచకూడదు. ఒక సందేహం: నేను చెప్పిన ఆ మాట రాసుకునే గడి, మీరు వాడే యాప్‌లో మీకు వినబడుతుందా?

వినికిడి:
ఇప్పుడే వెతికాను. ఉంది, కానీ దానినీ ‘బటన్’ అనే చదువుతోంది. నొక్కితేగాని అది ఏమిటో తెలియలేదు. కంపెనీవారికి రాసి పంపాను, జవాబు వస్తే ఇక్కడే పెడతాను.