హెడర్ ట్యాంకులో ఎర్రనీళ్ళు: యాసిడ్ పోసే ముందు ఏం చూడాలి?

ప్రశ్న – మరబోటు డ్రైవర్, విశాఖ

అన్నలకు నమస్కారం. మాది పాత ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజన్, వెట్ లైనర్లు (చుట్టూ నీళ్ళు తగిలే సిలిండర్ గొట్టాలు). బ్లాకులో తిరిగేవి బోరు నీళ్ళు, హీట్ ఎక్స్‌ఛేంజర్‌లో వాటిని చల్లార్చేది సముద్రపు నీరు. లోడు లేకపోతే 78 డిగ్రీల దగ్గర నిలుస్తుంది. వల లాగేటప్పుడు 1,500 ఆర్‌పీఎమ్‌లో అరగంటకే 96 దాటుతోంది. హెడర్ ట్యాంకు (ఇంజన్ నీళ్ళు పోసే ట్యాంకు) మూత తీస్తే ఇటుకపొడి కలిపినట్టు ఎర్రనీళ్ళు. రోజుకు రెండు లీటర్లు తగ్గుతున్నా బయటెక్కడా తడి లేదు. థర్మోస్టాట్ (వేడిని బట్టి నీళ్ళు వదిలే వాల్వు), ఇంపెల్లర్ (పంపు రెక్కల చక్రం) కొత్తవే. ఏప్రిల్ 15న వేట నిషేధం మొదలవగానే యాసిడ్‌తో కడిగేద్దామంటున్నాడు మెకానిక్. కడిగితే సరిపోతుందా, బ్లాకు విప్పాలా?

జవాబు – మెరైన్ ఫిట్టర్, కాకినాడ

యాసిడ్ ఇప్పుడే వద్దు తమ్ముడూ. ఎర్రరంగు సంగతి తర్వాత, ముందు ఆ రెండు లీటర్లు ఎటు పోతున్నాయో తేల్చాలి. బయట తడి లేదంటే దారులు ముఖ్యంగా నాలుగు: ఎక్స్‌ఛేంజర్ ట్యూబు చిల్లుపడి సముద్రంలోకి, లైనర్ పక్కనుంచి ఆయిల్లోకి, హెడ్ గ్యాస్కెట్ (బ్లాకుకూ పైనున్న హెడ్‌కూ మధ్య పట్టీ) దాటి సిలిండర్లోకి, నీటి జాకెట్ ఉన్న మానిఫోల్డ్ (సిలిండర్ల పొగను ఒకచోట చేర్చే భాగం) అయితే పొగగొట్టంలోకి.

రాత్రంతా ఇంజన్ ఆపి ఉంచి, తెల్లారి సంప్ (ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే పాత్ర) డ్రెయిన్ బోల్టు పూర్తిగా తీయకుండా వదులు చెయ్యి. నీళ్ళుంటే అడుక్కి దిగి, ఆయిల్ కన్నా ముందు అవే కారతాయి. తర్వాత ట్యాంకు నీళ్ళు వదిలేసి బోరు నీళ్ళతోనే నింపి, టీడీఎస్ (నీళ్ళలో కరిగిన లవణాల మొత్తం) పెన్నుతో కొలిచి రాసుకో. పది గంటలు నడిపి, పూర్తిగా చల్లారాక మళ్ళీ కొలువు. సముద్రపు నీటి టీడీఎస్ దాదాపు 35,000 పీపీఎమ్. అందుకే ఒక్క శాతం కలిసినా 350 దాకా పెరుగుతుంది. ట్యాంకులో కూలెంట్ (తుప్పును ఆపే మందు కలిపిన చల్లార్చే ద్రవం) ఉంటే ఈ లెక్క పనికిరాదు, దానిలోనే లవణాలుంటాయి. నీది ఉత్త బోరు నీరు కాబట్టి చెబుతున్నా.

జవాబు – డీజిల్ వర్క్‌షాపు, నిజాంపట్నం

దానితోపాటు లోడులో ఉండగా నాలుగు చోట్ల ఉష్ణోగ్రత తీయండి: బ్లాకులోకి వెళ్ళే గొట్టం, బయటికొచ్చేది, సముద్రపు నీరు లోపలికి, బయటికి. ఇన్‌ఫ్రారెడ్ గన్ మెరిసే ఇత్తడి మీద తక్కువ చూపిస్తుంది. అక్కడ నల్ల టేపు అతికించి దాని మీద చూడండి.

బ్లాకు వైపు తేడా 12 డిగ్రీలు దాటితే లోపల నీళ్ళు సరిగా తిరగట్లేదు: బురద పేరుకుంది, లేదా పంపు రెక్కలను తుప్పు తినేసింది. సముద్రపు వైపు తేడా బాగా ఎక్కువుంటే ఆ నీళ్ళే చాలట్లేదు. స్ట్రైనర్ (నీటి జల్లెడ), సీకాక్ (సముద్రపు నీరు లోపలికొచ్చే కుళాయి), ట్యూబుల్లో ఇరుక్కున్న జింక్ ముక్కలు చూడండి. సముద్రపు వైపు తేడా తక్కువుండి, ఇంజన్ మాత్రం వేడెక్కుతుంటే ట్యూబుల మీద పొర కట్టి వేడి దాటట్లేదు.

వెనక సిలిండర్ దగ్గరి కోర్ ప్లగ్ (బ్లాకు గోడ రంధ్రాన్ని మూసే లోహపు బిళ్ళ) ఒకటి కొట్టి తీయండి. బురద ఎక్కువగా అక్కడే చేరుతుంది. వదులుగా నారింజ రంగు తుప్పుంటే గాలి కలుస్తోందని, నీళ్ళు మాటిమాటికీ కొత్తగా పోస్తున్నారని అర్థం. నల్లటి బురదైతే గాలి అందనిచోట ఏర్పడిన తుప్పు. పచ్చగా కనిపిస్తే రాగి, ఇత్తడి భాగాలు పాడవుతున్నట్టు.

పోత ఇనుము పైకి బాగున్నా నమ్మొద్దు. ఉప్పునీరు ఇనుమును లాగేసి గ్రాఫైట్‌ను అలాగే వదిలేస్తుంది, ఆకారం చెక్కు చెదరదు. కత్తిమొనతో గీస్తే పెన్సిల్ గీతలా నల్లగా మెత్తగా వస్తే ఆ భాగం పోయినట్టే. మానిఫోల్డ్ చివర్లలో ఇది తప్పకుండా చూడండి.

ప్రశ్న అడిగినవారు

అన్నా, సంప్‌లో నీరు లేదు, ఆయిల్ శుభ్రంగా ఉంది. టీడీఎస్ బోరు నీటిలో 640, పది గంటల తర్వాత ట్యాంకులో 1,900. సిస్టమ్‌లో మొత్తం 60 లీటర్లు పడతాయి.

జవాబు – మెరైన్ ఫిట్టర్, కాకినాడ

అంటే 1,260 పెరిగింది, మూడున్నర శాతం పైన. రెండు లీటర్లకు పైగా సముద్రపు నీరు లోపలికొచ్చింది. ముందు అనుమానించాల్సింది ఎక్స్‌ఛేంజర్‌నే. నడుస్తున్నప్పుడు మూత ఒత్తిడికి మంచినీళ్ళు చిల్లులోంచి బయటికి పోతాయి. ఆపి చల్లారాక లోపల వాక్యూమ్ పుట్టి ఉప్పునీటిని లాక్కుంటుంది. మట్టం తగ్గడానికీ ఉప్పు పెరగడానికీ ఒకే చిల్లు కారణం కావచ్చు.

సీకాక్ మూసి ఎక్స్‌ఛేంజర్ రెండు మూతలూ విప్పు. ట్యూబుల చివర్లు గుడ్డతో ఆరబెట్టి, ట్యాంకు వైపు 0.5 బార్ గాలి పట్టి పదిహేను నిమిషాలు చూడు. ఏ ట్యూబు చివర చుక్క కడితే చిల్లు దానిలోనే. పది శాతం ట్యూబుల దాకా రెండు వైపులా ఇత్తడి మేకులు బిగించి మూయొచ్చు. అంతకు మించితే ట్యూబుల కట్ట (బండిల్) మొత్తం మార్చాలి.

చిల్లు మూశాకే కడగాలి. గట్టి యాసిడ్ ఇనుమునూ తింటుంది. పలచబడిన చోట తుప్పే బిరడాలా ఉంటే అదీ ఊడి నీళ్ళు పారతాయి. నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) చాలు, లీటరుకు 50 గ్రాములు. అల్యూమినియం భాగాలుంటే అదీ వద్దు. థర్మోస్టాట్ తీసేసి, ఇంజన్ నడపకుండా, డ్రమ్ములో 100 లీటర్ల నీటికి 5 కిలోలు కలిపి 60 డిగ్రీలకు వేడిచేసి బయటి పంపుతో గంటన్నర తిప్పు. గ్లౌజులు, కళ్ళద్దాలు మరవొద్దు, మూత తెరిచే ఉంచు. బ్లాకు నీళ్ళు వదిలే డ్రెయిన్ కుళాయిల్లో తీగ పెట్టి కుళ్ళగించు, లేకపోతే బురద దిగదు. నీళ్ళు తేటబడేదాకా కడిగి, లీటరుకు 5 గ్రాముల చాకలి సోడాతో పావుగంట తిప్పి, మళ్ళీ కడుగు.

బోరు నీళ్ళు ఇక పోయొద్దు. 30 లీటర్ల కూలెంట్ కాన్సెంట్రేట్, 30 లీటర్ల ఆర్‌ఓ నీరు. మనకు నీరు గడ్డకట్టే చలి లేకపోయినా తుప్పును ఆపే మందు ఉండేది కాన్సెంట్రేట్‌లోనే. మూత రబ్బరు కొత్తది వెయ్యి. జింక్ పెన్సిల్ (మిగతా లోహాల బదులు తానే అరిగిపోయే కడ్డీ) సగం అరిగితే మార్చు, దాని మరలకు టెఫ్లాన్ టేపు చుట్టకు. లోహానికి లోహం తగలకపోతే జింక్ పని చేయదు.