అప్‌డేట్: పాత హీలియోస్ కెనాన్ మీద కూర్చుంది

పాత ఎం42 (మర తిప్పి బిగించే రకం) లెన్స్ హీలియోస్ 44-2ని కెనాన్ డీఎస్ఎల్ఆర్‌కి తగిలిస్తే దూరంగా ఉన్నవి ఫోకస్ అవుతాయా, మీటరింగ్ (వెలుతురు కొలవడం) పనిచేస్తుందా అని ఇంతకుముందు అడిగాను. రెండూ అవుతున్నాయి. ఎం42 ఫ్లాంజ్ దూరం (లెన్స్ కూర్చునే చోటి నుంచి సెన్సర్ దాకా) 45.46 మి.మీ., కెనాన్ ఈఎఫ్‌ది 44. ఆ కాస్త తేడాలో గాజు లేని పల్చటి అడాప్టర్ సరిపోయింది. నైకాన్ డీఎస్ఎల్ఆర్‌లది 46.5 కాబట్టి వాళ్లకి ఈ వెసులుబాటు లేదు, పాపం.

ఏవీ మోడ్‌లో (అపెర్చర్, అంటే లెన్స్ రంధ్రం, మనం పెట్టుకునేది) షట్టర్ స్పీడ్ సంగతి కెమెరానే చూసుకుంటోంది.

అసలు పని ఫోకస్‌తోనే. అపెర్చర్ పూర్తిగా తెరిచిన ఎఫ్/2 దగ్గర వ్యూఫైండర్‌ని నమ్మితే కన్ను బదులు చెవి షార్ప్‌గా వస్తోంది! అందుకే లైవ్ వ్యూలో 10 రెట్లు పెద్దది చేసి చూస్తున్నా. ముందే అపెర్చర్ మూసి ఎఫ్/8 పెడితే వ్యూఫైండర్ చీకటైపోతుంది. పూర్తిగా తెరిచి ఫోకస్ చేశాక లెన్స్ మీదున్న రెండో అపెర్చర్ రింగ్ తిప్పి మూయడమే నయం.

నాది ఏపీఎస్-సీ (చిన్న సెన్సర్) బాడీ, లోపలి అద్దం లెన్స్‌కి తగలట్లేదు. ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) వాళ్లు మాత్రం ఇన్ఫినిటీ (చాలా దూరపు ఫోకస్) దగ్గర జాగ్రత్తగా చూసుకోండి, కొన్ని బాడీల్లో లెన్స్ వెనక భాగానికి అద్దం తగులుతుంది.