ఎండలకి క్యాబేజీ గడ్డ కట్టట్లేదు, పీకేయాలా?

పెరటిమడి:
నారు నాటి 80 రోజులు దాటింది. ఆకులు చేటలంత అయ్యాయి కానీ మధ్యలో నొక్కి చూస్తే దూదిలా మెత్తగా ఉంది. పగలు 32, 33 డిగ్రీలు ఉంటోంది. ఇన్నాళ్ళు నీళ్ళు పోసి పెంచినవి, పీకాలంటే మనసు రావట్లేదండీ.

మేడతోట:
అప్పుడే పీకకండి. క్యాబేజీకి 15 నుంచి 20 డిగ్రీలు హాయిగా ఉంటుంది, 25 దాటిందంటే గడ్డ కట్టడం నెమ్మదిస్తుంది, కట్టినా వదులుగానే ఉంటుంది. నేను మొదటిసారి చలికాలం రకం విత్తనం తెచ్చి ఎండల్లో వేసి ఒక్క గడ్డ కూడా కోయలేదు, చాలా బాధేసింది. ఇప్పుడు వేడిని తట్టుకునే, తొందరగా కోతకొచ్చే హైబ్రిడ్ మాత్రమే వేస్తున్నాను, అదీ గడ్డ కట్టే నెల చల్లటి రోజుల్లో పడేలా వెనక్కి లెక్కేసుకుని నారు పోస్తాను. ముందు ఒక పని చేయండి, మొక్క నడిబొడ్డున లేత ఆకులు లోపలికి ముడుచుకుంటున్నాయా చూడండి. ముడుచుకుంటుంటే ఆశ ఉన్నట్టే. పురుగు మొవ్వ తినేసి పక్కల నుంచి నాలుగైదు పిలకలు వచ్చిన మొక్క మాత్రం ఇక గడ్డ కట్టదు, దాన్ని తీసేయండి.

గట్టుమీద:
యూరియా ఎక్కువ వేశారేమో కూడా చూసుకోండి, ఎక్కువైతే ఆకులే పెరిగి గడ్డ వదులవుతుంది. ఇంకోటి, క్యాబేజీ వేళ్ళు పైపైనే ఉంటాయి, ఎండకి పై మట్టి కాగిపోతే మొక్క అక్కడే ఆగిపోతుంది. మొదళ్ళలో నాలుగు వేళ్ళ మందాన ఎండుగడ్డి పరిచాక మా మడిలో తేడా బాగా తెలిసింది, మట్టిలో వేలు పెడితే మధ్యాహ్నం కూడా చల్లగానే ఉండేది.

ఆకుపురుగు:
వేడిలో నాకు అసలు టెన్షన్ డైమండ్ బ్యాక్ మాత్‌తోనే. చిన్న ఆకుపచ్చ పురుగు, ముట్టుకుంటే గిలగిలా కొట్టుకుంటూ సన్నని దారం పట్టుకుని కిందికి వేలాడుతుంది. మొదట్లో ఆకు పైపొర వదిలేసి కింద గీకి తింటుంది కాబట్టి ఆకుకి అద్దం ముక్కలు అతికించినట్టు కనిపిస్తుంది, అప్పుడే పట్టుకోవాలి. నేను బీటీ మందు (పురుగుల్ని చంపే బ్యాక్టీరియాతో చేసింది) సాయంత్రం పూట ఆకుల అడుగున తడిసేలా కొడతాను, ఎండలో కొడితే త్వరగా పనిచేయకుండా పోతుంది. వరసల మధ్య ఆవాలు ముందే వేస్తే తల్లి పురుగులు వాటి మీద గుడ్లు పెడతాయి.

మేడతోట:
పది కుండీలవాళ్ళకి ఆవాలతో పెద్ద లాభం ఉండదండీ, నారు నాటిన రోజే సన్నని వల కప్పేయడం మేలు.

గట్టుమీద:
ఇంకొకటి, గడ్డ గట్టిపడ్డాక ఆలస్యం చేయొద్దు. నాలుగు రోజులు ఎండగట్టి ఒక్కసారిగా నీళ్ళు పెట్టానని నావి ఆరు గడ్డలు నిలువునా పగిలాయి. కోతకి వీలు లేకపోతే మొక్కని పట్టుకుని కొంచెం తిప్పితే కొన్ని వేళ్ళు తెగి పగలడం తగ్గుతుంది. పొద్దున చల్లపూటే కోయండి, బయటి ఆకులు రెండు మూడు ఉంచి కోస్తే వాడిపోదు.

పెరటిమడి:
చాలా థాంక్స్ అందరికీ. చూశాను, పద్నాలుగింటిలో మూడు మొక్కలకి మొవ్వ లేదు, తీసేశాను. మిగతావాటిలో లేత ఆకులు ముడుచుకునే ఉన్నాయి. ఇవాళే గడ్డి పరిచాను.